గురువారం అవసరానికి ఆదివారం మీటింగు

(సంఘం వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

   

వేదిక మీద ఉన్న పెద్దలకు, వీర్నపల్లి, కోనరావుపేట తండాల నుంచి వచ్చిన నాయక్‌లకు, కారోబారీలకు, సారంగాపూర్, బీర్‌పూర్ వైపు గూడేల నుంచి వచ్చిన నాయకపోడు పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చోవాల్సింది పోయి వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు దండాలు. ఆ ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నయి, వచ్చి కూర్చోండి. ఎమ్మెల్యే గారు రారట, ఇప్పుడే ఫోన్ వచ్చింది.

నన్ను "విద్య ప్రాముఖ్యత" మీద మాట్లాడమన్నరు. చదువు గొప్పదని చెప్పడానికి మిమ్మల్ని ఇంత ఎండలో ఇక్కడ కూర్చోబెట్టే పనిలేదు. ఆ సంగతి మీకంటే మీ యాడీకి, బాపుకి బాగా తెలుసు. అందుకే మీరు ఆరేళ్లుగా ఇంటింటికీ తిరిగి పోగేస్తున్న విద్యానిధి గురించి మాట్లాడతాను. ఈ ఏడాది నుంచి దాన్ని పెద్దల చేతుల్లోంచి తీసుకొని మీరే నడపబోతున్నరని విన్నాను. నేను ప్రభుత్వ ఉద్యోగిని. చందాలు వసూలు చేయడానికి, సంఘంలో పదవి పట్టుకోవడానికి మా నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి మీ రసీదు పుస్తకం ముట్టుకోను, మీ పదవుల పంచాయితీలోకి రాను. హాస్టల్ గేటు లోపల నుంచి పద్దెనిమిది ఏండ్లుగా చూస్తున్నది మాత్రం చెబుతాను.

ముందు కొంచెం పాత ముచ్చట. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. తర్వాతి కాలంలో నగరానికి కొత్వాలు అయిన రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి గారు దాని వెనక ఉన్నరు. పల్లెల నుంచి పట్నం వచ్చి చదువుకునే పిల్లలకు ఉండటానికి ఇల్లు, తినడానికి అన్నం లేక చదువు ఆగిపోతుందని ఆయన గుర్తించిండు. డబ్బున్నవాళ్ల దగ్గర చందాలు తెచ్చిండు. సురవరం ప్రతాపరెడ్డి గారి లాంటి పండితుడు ఆ హాస్టల్ బాధ్యతలు చూసిండు. దాన్ని చూసి వేరే కులాల వాళ్లు కూడా తమ తమ హాస్టళ్లు కట్టుకున్నరు. కరీంనగర్, హైదరాబాద్ వీధుల్లో నడిస్తే ఇప్పటికీ ఆ బోర్డులు కనబడతయి. మరి మనవాళ్లు ఎందుకు కట్టుకోలేదు? మనకు పట్నంలో ఇల్లున్న పెద్దమనిషి లేడు, చందా ఇచ్చే దొర లేడు. అప్పటికి మనకు బడి కూడా లేదు.

గోదావరి అవతల మార్లవాయిలో 1943లో జరిగింది చూడండి. కొమురం భీం జోడేఘాట్‌లో ప్రాణాలిచ్చింది 1940లో. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల బాధలు తెలుసుకొమ్మని హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ మార్లవాయిలో గోండుల మధ్యే ఉన్నరు. అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టిచ్చిండు. బయట నుంచి పంతుళ్లను తేలేదు, గోండు యువకులకే చదువు నేర్పి వాళ్లనే పంతుళ్లను చేసిండు. గోండీ భాషలోనే వాచకాలు రాయించిండు. నేను బీఈడీ చదివేటప్పుడు మాతృభాషలో బోధన అని పెద్ద పెద్ద పాఠాలు చెప్పిన్రు, మార్లవాయి పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. బయటివాడు వచ్చినా ఆఖరుకు పని మీద పెట్టింది ఆ గూడెం పిల్లలనే. ఈ మాట గుర్తుంచుకోండి, నేను మళ్లీ అక్కడికి వస్తాను.

తెలంగాణలో లంబాడాలకు ఎస్టీ గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది, 1977 నుంచి అమలైంది. అంటే ఇక్కడ కూర్చున్న చాలామంది తండ్రులు, తాతలు మన ఇండ్లల్లో హాస్టల్ మెట్లెక్కిన మొదటి తరం. ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి అధికారులు ఆ రోజుల్లో హాస్టళ్లు, గురుకులాల కోసం పట్టుబట్టిన్రు. ఆ శంకరన్ గారు పెళ్లి చేసుకోలేదు. తన సంపాదనలో పెద్ద భాగం పేద పిల్లల చదువుకే పెట్టిండు. పద్మభూషణ్ ఇస్తమంటే వద్దన్నడు. ఎంతమందిని చదివించిండో లెక్క ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. మన ఫ్లెక్సీల కాలంలో ఇది నమ్మబుద్ధి కాదు.

ఇగ ఇప్పటి సంగతి. "ప్రభుత్వం హాస్టల్ ఇస్తోంది, స్కాలర్‌షిప్ ఇస్తోంది, మళ్లీ మన నిధి ఎందుకు?" అని కొందరు అడుగుతరు. మంచి ప్రశ్నే. దీనికి జవాబు దొరకకపోతే మీ నిధి దారి తప్పుతది.

హాస్టల్ తిండి తీసుకోండి. 2024 నవంబర్ నుంచి డైట్ చార్జీలు పెరిగినయి. 8 నుంచి 10వ తరగతి పిల్లలకు నెలకు 1100 ఉండేది 1540 అయింది. రోజుకు యాభై రూపాయల చిల్లర. అదే తరగతుల ఆడపిల్లలకు సబ్బు, నూనె, ఇతర అవసరాలకు నెలకు 75 ఇచ్చేది 275 చేసిన్రు. మస్తుగా ఉందని అనను, కానీ ముందుకంటే నయం. అయినా నాకు నెలకు మూడు, నాలుగు ఫోన్లు వస్తయి. "మేడం, మా బాబు పుట్టినరోజు, మీ పిల్లలకు చికెన్ బిర్యానీ పెట్టిస్తం" అని. సంతోషమే. కానీ ఆ రోజు మెనూలో కోడి కూర ఉండనే ఉంటది, పిల్లలు రెండుసార్లు తిని రాత్రి కడుపునొప్పి అంటరు. అదే హాస్టల్‌లో పదో తరగతి అయిపోయిన పిల్ల జగిత్యాలకు పోయి కాలేజీలో అప్లికేషన్ ఇచ్చి రావడానికి బస్సు కిరాయి లేక ఇంట్లో కూర్చుంటది. మీ నిధికి పని ఉన్నది అక్కడ, హాస్టల్ పిల్లను బయటికి పంపే రోజుకూ కాలేజీ ఆమెను లోపలికి తీసుకునే రోజుకూ మధ్యన. మా రిజిస్టర్‌లో ఆ పేరు కొట్టేసి ఉంటది, వాళ్ల రిజిస్టర్‌లో ఇంకా ఎక్కి ఉండదు. ఆ రెండు మూడు నెలలు ఆ పిల్ల ఎవరి లెక్కలోనూ లేదు.

ఒక పిల్ల సంగతి చెబుతా. పేరు చెప్పను, ఊరు చెప్పను. సిరిసిల్ల వైపు తండా అమ్మాయి. మా హాస్టల్లో పది చదివి, ఒక ప్రైవేటు కాలేజీలో ఇంటర్ చేసింది. ఎప్‌సెట్‌లో సీటు వచ్చింది, మంచి కాలేజీ. చేరడానికి గురువారం సాయంత్రం 5 గంటలు ఆఖరు. ఇంటర్ కాలేజీ వాళ్లు ఫీజు బాకీ ఉంది, 6500 కడితేనే టీసీ ఇస్తమన్నరు. స్కాలర్‌షిప్ వస్తే కడతామని తండ్రి బతిమాలిండు. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తదో అతనికీ తెలియదు, వాళ్లకూ తెలియదు. తండ్రి ఒక సంఘం విద్యానిధి వాళ్లకు ఫోన్ చేసిండు. వాళ్ల ఖాతాలో ఆ రోజు లక్షకు పైనే ఉంది. అధ్యక్షుడు మంచివాడే. "తప్పకుండా ఇద్దాం అన్నా, ఆదివారం మీటింగు పెట్టుకొని తీర్మానం చేద్దాం" అన్నడు. కోశాధికారి హైదరాబాదులో పెళ్లికి పోయిండు. చెక్కు బుక్కు ఆయన బీరువాలో ఉంది.

సీటు పోయింది. నాకు తెలిసింది శుక్రవారం పొద్దున. ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ చదువుతోంది, బాగానే చదువుతోంది, బతుకు ఆగిపోలేదు. కానీ ఆ సీటు ఆమెది. ఆదివారం మీటింగు కూడా జరిగింది, తీర్మానం కూడా చేసిన్రు. ఆ 6500 ఆ తర్వాత ఇచ్చిన్రు కూడా.

ఇందులో దొంగతనం లేదు, మోసం లేదు. అందరూ నిజాయితీపరులే. అయినా పిల్లకు నష్టం జరిగింది. అందుకే నేను మీకు మొదట అడిగేది ఇదే, అత్యవసర చెల్లింపు నియమం ఒకటి రాసుకోండి. ముగ్గురి పేర్లు పెట్టుకోండి. ఆ ముగ్గురిలో ఏ ఇద్దరు ఒప్పుకున్నా, మీటింగు లేకుండా, అదే రోజు, పది వేల వరకు చెల్లించొచ్చు. డబ్బు పిల్లల చేతికి కాదు, తండ్రి చేతికి కాదు, నేరుగా కాలేజీ ఖాతాకు. రసీదు ఫైల్లో. తర్వాతి మీటింగులో లెక్క చెప్పాలి. ఆ ముగ్గురిలో ఒకరన్నా ఆడపిల్ల ఉండాలి. ఎందుకంటే కొన్ని అవసరాలు మా పిల్లలు అన్నలకు ఫోన్ చేసి చెప్పుకోలేరు.

రెండో సంగతి, డబ్బు ఏ నెలలో ఉండాలి అనేది. మనకు చందాలు ఎక్కువ పోగయ్యేది ఫిబ్రవరి 15న, సేవాలాల్ మహారాజ్ జయంతికి. అప్పుడు అందరి మనసూ మెత్తగా ఉంటది, ఆ ఊపులోనే ఖర్చు కూడా అయిపోతది. పిల్లలకు డబ్బు అవసరం పడేది మే చివరి నుంచి ఆగస్టు దాకా. పది సప్లిమెంటరీ, ఇంటర్ అడ్మిషన్, దోస్త్, ఎప్‌సెట్ కౌన్సెలింగ్, ఆదాయ సర్టిఫికెట్, కుల సర్టిఫికెట్, మీసేవ చుట్టూ తిరుగుడు, కొత్త హాస్టల్‌కు పరుపు, బకెట్, అన్నీ ఆ మూడు నెలల్లోనే మీద పడతయి. జయంతి నాడు వచ్చిన డబ్బులో కనీసం సగం జూన్ దాకా ముట్టుకోవద్దని గట్టిగా రాసుకోండి.

జయంతి వద్దని నేను అనడం లేదు. భోగ్ భండారో చేయాలి, నగారా మోగాలి, మన ఆడవాళ్లు అద్దాల బట్టలు కట్టుకొని రోడ్డు మీద నడవాలి. కోరుట్ల బస్టాండు ముందు మన ఊరేగింపు పోతుంటే ఆగి చూసే వాళ్లను చూస్తే నాకూ గర్వంగానే ఉంటది. కానీ పండుగ చందా వేరు, విద్యానిధి వేరు. రెండు రసీదు పుస్తకాలు, రెండు రంగుల్లో అచ్చేయించండి. డీజేకు నలభై వేలు ఇస్తరా, ఇవ్వండి, అది మీ పండుగ లెక్క. పిల్లల ఫీజు అని చెప్పి తీసుకున్న రూపాయి డీజేకు పోవద్దు.

ఇప్పుడు దుబాయి అన్నల సంగతి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, మన ప్రాంతంలో గల్ఫ్‌కు మనిషి పోని ఊరు వెతికితే దొరకదు. మీ నిధికి వచ్చే డబ్బులో పెద్ద ముక్క అక్కడిదే. లేబర్ క్యాంపుల్లో ఉండి, ఎండలో కట్టడం పని చేసి, నెలకు ఇరవై దిర్హాములు, రెండు రియాల్లు పక్కకు పెట్టి పంపుతరు. ఒక తమ్ముడు మస్కట్ నుంచి నాకు ఫోన్ చేసిండు. "అక్కా, నేను రెండేండ్లుగా పంపుతున్న. ఎవరికి పోయినయో తెలవది. ఆ పిల్ల పేరు నాకు వద్దు. ఏ క్లాసు, దేనికి కట్టిన్రు, అంత చెప్తే చాలు, నాకు పానం నిమ్మళమైతది" అన్నడు. అతను అడిగింది ఎంత చిన్నది! వాట్సాప్‌లో మూడు నెలలకు ఒక పేజీ పెట్టండి. ఇంటర్ రెండో సంవత్సరం అమ్మాయి, పరీక్ష ఫీజు, ఇంత. పాలిటెక్నిక్ అబ్బాయి, బస్ పాస్, ఇంత. ఖాతాలో మిగిలింది ఇంత. పేర్లు అక్కర్లేదు.

ఆ డబ్బు ఒకరి సొంత ఫోన్‌పేకు రావద్దు. ఎంత నమ్మకస్తుడైనా సరే. రేపు అతనికి యాక్సిడెంట్ అయితే ఆ డబ్బు ఎవరిదని పోలీస్ స్టేషన్లో కూర్చుంటరా? సంఘాన్ని సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయించండి, కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. సంఘం పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకం, క్యూఆర్ కోడ్. మిగతాది ఆడిటర్ చెబుతడు, నాకంటే బాగా చెబుతడు.

ఒక్క భయం మాత్రం తీరుస్తా. "గల్ఫ్ నుంచి డబ్బొస్తే విదేశీ విరాళం కేసు అయితదట కదా" అని కొందరు ఆ అన్నల డబ్బే వద్దంటున్నరు. భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి, తన సొంత సంపాదన, మామూలు బ్యాంకు దారిలో పంపితే అది ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం లెక్కలో విదేశీ విరాళం కాదు. హవాలాలో వస్తే తప్పు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన బంధువు పంపితే మాత్రం అది విదేశీ విరాళమే, ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి లేకుండా తీసుకోవద్దు. మన చుట్టమే కదా అంటే చట్టం వినదు. అందుకే పంపేవాళ్ల దగ్గర పాస్‌పోర్టు ఏ దేశానిదో రాసి తీసుకొని ఫైల్లో పెట్టుకోండి.

గల్ఫ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పది పాస్ కాకుండా పోయేవాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ కిందికి వస్తది. గల్ఫ్ దేశాలకు పోవాలంటే ఎమిగ్రేషన్ అనుమతి కావాలి. అది దాటించడానికి విజిట్ వీసా మీద పంపే ఏజెంట్లు మన చుట్టూ ఉన్నరు. అట్ల పోయి చిక్కుకున్న వాళ్లు మీ ఇండ్లల్లోనే ఉన్నరు. ఒక్క లెక్కల పేపర్ తప్పి పది వదిలేసిన పిల్లగాడు రేపు ఆ ఏజెంటు ముందు చేతులు కట్టుకొని నిలబడతడు. గల్ఫ్ పోవద్దని చెప్పే అర్హత నాకు లేదు, మా ఇంట్లో కూడా పోయినోళ్లు ఉన్నరు. పోతే పది పాసై పోవాలె. నా మాట అడిగితే, మీ నిధిలో మొదటి వరుస ర్యాంకు కొట్టిన పిల్లలది కాదు, సప్లిమెంటరీ రాసే పిల్లలది. నూటికి తొంభై మార్కులు వచ్చిన పిల్లకు సాయం చేయడానికి కాలేజీలే పోటీ పడతయి. తప్పినోడి దగ్గరికి ఎవరూ రారు.

మాలావత్ పూర్ణ సంగతి మీకందరికీ తెలుసు. నిజామాబాద్ జిల్లా పాకాల. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. 2014 మే 25న, పద్నాలుగు ఏండ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. ఆమె దిగి వచ్చినంక సన్మానం చేయడానికి ఎంతమంది క్యూ కట్టిన్రో చూసినం. ఎక్కకముందు ఆమె తాడ్వాయి గురుకులంలో చదివే మామూలు పిల్ల. ఆ పిల్లను భువనగిరి గుట్ట మీదికి తీసుకుపోయి తాడు పట్టుకోవడం నేర్పిన వాళ్లు, డార్జిలింగ్ పంపిన వాళ్లు, ఏమన్నా అయితే మాట పడాల్సిన వాళ్లు కొద్దిమందే. మన సంఘాలు శాలువాలకు పెట్టే డబ్బు లెక్క తీస్తే నాకు కోపం వస్తది. శాలువా ఎక్కినోళ్లకు కప్పుతం, ఎక్కేవాళ్లకు తాడు కొనం.

ఫోటోల సంగతి. దీని మీద నాకు మొండి పట్టు ఉంది, మీకు నచ్చకపోయినా చెబుతా. మా దగ్గర తొమ్మిదో తరగతి చదివే ఒక పిల్లగానికి ఎవరో దాతలు సైకిల్ ఇచ్చిన్రు. మంచి సైకిల్. తండా ముందట ఫ్లెక్సీ కట్టిన్రు. దాతల మొఖాలు పెద్దగా, వీడి మొఖం కింద చిన్నగా, "నిరుపేద విద్యార్థికి చేయూత" అని. ఆ ఫ్లెక్సీ రెండు నెలలు అక్కడే వేలాడింది. వాడు పండుగకు ఇంటికి పోయి ఆ దారిన నడవలేక పొలాల మీది నుంచి పోయిండట. మరుసటి ఏడు స్టడీ మెటీరియల్ ఇస్తమని వేరే వాళ్లు వస్తే, "నాకు వద్దు మేడం, నాకున్నయి" అన్నడు. వాడికి లేవు. నాకు తెలుసు, వాడికీ తెలుసు.

మీ నిధి తీసుకున్న పిల్ల ఫోటో ఎక్కడా రావద్దు. చెక్కు పట్టుకొని నిలబెట్టే ఫోటో అసలే వద్దు. దాతకు లెక్క చూపాలె కదా అంటరు, రసీదు చూపండి. ఏ రసీదుకూ మొఖం ఉండదు.

ఇది మర్యాద ఒక్కటే కాదు, భద్రత కూడా. పిల్లలతో పనిచేసే సంఘం అంటే మీరు తెలుసుకోవాల్సిన చట్టం ఒకటుంది, 2012లో వచ్చిన పోక్సో. పిల్లల మీద అఘాయిత్యం జరిగినట్టు తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. ఊళ్లో పెద్దమనుషుల మధ్య మాట్లాడుకొని పరువు కోసం మూసిపెట్టడం నేరం. మన తండాల్లో పంచాయితీ పెట్టి తీర్చుకునే అలవాటు ఉంది, పొలం గట్టు తగాదాకు అది పనికొస్తది, దీనికి పనికిరాదు. పెద్దలు ముందే కూర్చున్నరు, తెలిసే అంటున్న. 1098 నంబర్ పిల్లలందరికీ నోటికి వచ్చేలా చెప్పండి. సంఘం తరఫున ఏ పిల్లతోనూ ఒక్క మనిషి ఒంటరిగా కలవద్దు, ఎప్పుడూ ఇద్దరు ఉండాలె. పిల్లల సొంత నంబర్లకు రాత్రిపూట మెసేజ్‌లు వద్దు. "మేము సాయం చేయడానికే వచ్చినం మేడం" అని రాత్రి 7 గంటలకు గేటు దగ్గర నిలబడితే నేను తలుపు తీయను. మీరు చెడ్డోళ్లని కాదు. మీకు తీస్తే రేపు ఇంకొకడికి తీయాల్సి వస్తది.

ఎవరికి ఇవ్వాలి అన్నది అన్నిటికంటే కష్టమైన పని. వాట్సాప్‌లో "అర్హులు దరఖాస్తు చేసుకోండి" అని పెడితే ఫోన్ ఉన్నవాళ్లు, ఇంట్లో చదివినోళ్లు ఉన్నవాళ్లు, నాయక్ గారి చుట్టాలు వస్తరు. నిజంగా కావాల్సినోళ్లు రారు. సారంగాపూర్ వైపు నాయకపోడు పిల్లల్ని అడిగితే ఇట్లాంటి నిధి ఒకటుందనే వాళ్లకు తెలియదు. ఎరుకల పిల్లలది కూడా అంతే. వాళ్ల లక్ష్మీదేవర మాస్కులు మాత్రం మన సాంస్కృతిక కార్యక్రమంలో స్టేజీ మీదికి కావాలె! పేరు గిరిజన సంఘం అని పెట్టుకున్నప్పుడు లంబాడా పిల్లలే లిస్టులో ఉంటే ఎట్లా? రిజర్వేషన్ల మీద మన తెగల మధ్య నడుస్తున్న పంచాయితీ పెద్దది, అది మీతోనో నాతోనో తేలేది కాదు. దాన్ని ఈ రసీదు పుస్తకం దాకా తేవొద్దు. కమిటీలో నాయకపోడు పిల్లనో పిల్లగాన్నో ఈ ఏడాదే కూర్చోబెట్టండి. సంతకం పెట్టే చోటనే కూర్చోబెట్టండి.

కావాల్సినోళ్లను మీరే వెతకాలె. దానికి మన దగ్గరే ఒక దారి ఉంది. శ్రావణంలో తీజ్ వస్తది. పెళ్లికాని ఆడపిల్లలు గోధుమలు నానబెట్టి, బుట్టల్లో పోసి తొమ్మిది రోజులు నీళ్లు పోస్తరు. తండాలో ఉన్న ప్రతి ఆడపిల్లా సాయంత్రం ఆ మంచె దగ్గరికి వస్తది. అప్పటికి అడ్మిషన్లు దాదాపు అయిపోయి ఉంటయి. ఎవరు కాలేజీలో చేరలేదో, ఎవరికి సంబంధాలు చూస్తున్నరో, ఎవరు బీడీలు చుట్టడానికి కూర్చున్నరో అక్కడ పాటల మధ్యలోనే తెలిసిపోతది. మన సంఘం చెల్లెళ్లు ఇద్దరిద్దరు ప్రతి తండా తీజ్‌కు పోండి. ఆడండి, పాడండి. వచ్చేటప్పుడు మూడు పేర్లు పట్టుకొని రండి. ఏ దరఖాస్తు ఫారమూ ఆ పని చేయదు. పద్దెనిమిది దాటని పిల్లకు పెళ్లి అనుకుంటున్నరని వింటే వెంటనే చెప్పండి, నాకు కాకపోతే 1098కి.

సాయం తీసుకున్నోళ్లు ఉద్యోగం వచ్చినంక తిరిగి ఇయ్యాలని బాండు రాయించుకుందామని పోయిన మీటింగులో ఒకరు అన్నరట. నాకు అది నచ్చలేదు. అప్పు ఇయ్యాలనుకుంటే అప్పు అని చెప్పి ఇయ్యండి, అందులో తప్పులేదు. సాయం అని ఇచ్చి తర్వాత వసూలుకు పోతే ఆ పిల్లలు మన సభలకు రావడమే మానేస్తరు. మా హాస్టల్లో చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు నర్సు. జీతం వచ్చిన మొదటి నెల నుంచి నెలకు రెండు వందలు మీ నిధికి వేస్తోంది. ఎవరూ అడగలేదు. ఆమె మీ దగ్గర ఎన్నడూ రూపాయి తీసుకోలేదు కూడా.

ఇందాక మార్లవాయి దగ్గరికి మళ్లీ వస్తానన్న. డబ్బు కంటే మా పిల్లలకు కరువైంది మనుషులు. తండా పిల్ల ఒకటో తరగతిలో ఇంటి భాషతో వస్తది, టీచరు తెలుగులో చెప్తది. ఆ పిల్ల తలకాయ ఊపుతది. అట్ల ఊపుకుంటనే ఎనిమిదికి వస్తది. అక్కడ చూస్తే భాగహారం రాదు, ఇంగ్లీషు పేరా చదవరాదు. వాళ్ల భాషలో "ఇది ఎందుకు ఇట్లయింది" అని ఒకసారి చెప్పే మనిషి ఉంటే చాలా వరకు సర్దుకుంటది. నేను చెప్పగలను. కానీ సరుకులు తూకం వేయించుకోవాలె, రిజిస్టర్లు రాయాలె, జ్వరమొచ్చిన పిల్లను దవాఖానకు తీసుకుపోవాలె. ఇక్కడ నాచుపల్లి ఇంజినీరింగ్ కాలేజీలో చదివే వాళ్లున్నరు, పొలాస అగ్రికల్చర్ కాలేజీ వాళ్లున్నరు, కోరుట్ల వెటర్నరీ కాలేజీ వాళ్లున్నరు. మన భాష వచ్చు, లెక్కలు వచ్చు.

అందుకని ఒక ఏర్పాటు చేసుకొని వచ్చిన. బయట మామిడి చెట్టు కింద బల్ల వేయించిన, రిజిస్టర్ ఉంది. ఆదివారం పొద్దున 10 నుంచి 12 దాకా, నెలకు రెండు ఆదివారాలు, పదో తరగతికి లెక్కలు, ఇంగ్లీషు చెప్పగలిగిన వాళ్లు పేరు, కాలేజీ, ఊరు రాయండి. ఆధార్ జిరాక్సు ఇయ్యాలె. పోలీస్ వెరిఫికేషన్ ఉంటది, దానికి నొచ్చుకోవద్దు. ఇద్దరిద్దరుగా పంపుతాం, క్లాసు వరండాలోనే, నేను ఎదురుగానే ఉంటా. పై అధికారుల పర్మిషన్ నేను తెచ్చిపెడతా, నెల పట్టొచ్చు. పరీక్షల లోపు కనీసం పది ఆదివారాలు రాగలిగితేనే రాయండి. రెండుసార్లు వచ్చి మానేసేటట్టయితే వద్దు, పిల్లలు ఎదురుచూస్తరు. భోజనం మీరు తేవొద్దు. బిర్యానీ అసలే తేవొద్దు.